రాజాం వీధుల్లో మా గుమ్మడికాయ ఊరేగింపు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా అంత వయసు రాలేదు. నేను చెప్పబోయేది డిగ్రీ రెండో ఏడాది సంగతి. కానీ పోయిన వారం డిగ్రీ పట్టా చేతికొచ్చిన దగ్గర్నుంచీ దానికి ముందు జరిగినవన్నీ రాజుల కాలం నాటివిలాగే కనిపిస్తున్నాయి. మా ఇంట్లో ఇప్పటిదాకా పేరు పక్కన అక్షరాలున్న మనిషి లేరు. మా అయ్యది తాపీ పని. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్తుంది. అమ్మ నా పట్టాకి ప్లాస్టిక్ అట్ట వేయించి, గోడ మీద ప్రభువు పటం పక్కన తగిలించి, ఒక పూటంతా చూసి, 'సమానంగా ఉంటే బాగోదు' అని జానెడు కిందకి దించింది. పట్టాకి కొన్ని నెలల ముందే కొత్తవలసలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం కూడా వచ్చింది (ఈ మాట బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పేశాను, ఇంక మీరే మిగిలారు). మనసు నిండా సంతోషం ఉన్నప్పుడు పాత తెలివితక్కువతనాలు కూడా ముద్దొస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

రాజాంలో మా కాలేజీకి వెళ్లే దారిలో ఒక చిన్న బడి ఉండేది. నడక సరిగా రాని పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు అక్కడ చదువుకునేవాళ్లు. ఒక టీచరమ్మ, ఒక ఆయా, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లల్ని తీసుకొచ్చే ఒక ఆటో, అంతే ఆ బడి. ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు ఆటో ఇంజను పోయి, మెకానిక్కు షెడ్డులో ఒక మూల కూలబడింది. పిల్లలు రావడం మానేశారు. ఒక్కావిడ మాత్రం పక్క ఊరి నుంచి ఎదిగిన కూతుర్ని చంకనెత్తుకుని నడిచి వచ్చేది. ఆ పిల్లని బడి అరుగు మీద దించి, నడుం మీద చెయ్యేసుకుని ఆవిడ ఊపిరి తీసుకోవడం ఒకరోజు చూశాను. చూసినదాన్ని చూసినట్టు వెళ్లిపోతే ఈ కథ లేదు. తిన్నగా టీచరమ్మ దగ్గరికెళ్లి, "సెలవులయ్యి బడి తెరిసే నాటికి ఆటో తిరుగుతాదండి, మా కాలేజీ పూచీ" అనేశాను. ఆ సంగతి మా కాలేజీకి ఇంకా తెలియదు.

ఆవిడ నా ముఖంలోకి చూసి, "తల్లులకి సెప్పేమంటావా మరి? సెప్పేక ఆటో రాకపోతే ఆళ్లు ఇంక పిల్లల్ని పంపరమ్మా. ఒకపాలి నమ్మి మానేస్తే మళ్లీ రారు" అంది.

"సెప్పేయండి" అన్నాను. ఆ వయసులో నోటికి గేటు ఉండదు కదా.

కాలేజీలో సేవా కార్యక్రమాలు చూసే మాస్టారిని మేం సైలెన్స్ సార్ అనేవాళ్లం. కామర్స్ పాఠమంతా కలిపినా ఆయన ఎక్కువగా వాడేది ఆ ఒక్క మాటే. ఆయన అంతా విని, "డబ్బా పట్టుకుని దుకాణాల ముందు నిలబడి చందాలు అడగడానికి వీల్లేదు. ఇచ్చినవాడు నవ్వుతూ ఇవ్వాలి. అలాంటిదేదైనా ఉంటే చెయ్యండి" అన్నారు. మేం ముగ్గురం ఒక కమిటీ అయ్యాం. నేను, నా పక్క బెంచీ స్నేహితురాలు రేడియో (దగ్గర్లోని పల్లెలో వ్యవసాయం వాళ్లింట్లో, మాట్లాడటం ఆపినప్పుడు మేం కరెంటు పోయిందేమో అని చూసేవాళ్లం), మా క్లాసు టెంట్‌హౌస్ (వాళ్ల నాన్నకి పెళ్లిళ్లకి షామియానాలూ మైకులూ ఇచ్చే దుకాణం ఉంది).

మొదటి ఆలోచన టెంట్‌హౌస్‌ది. మైకు తెచ్చి క్యాంటీన్లో పాటలు పాడతానన్నాడు. "వినడానికి డబ్బులు ఎవులిస్తారురా?" అని రేడియో అడిగితే, "వినడానికి కాదే. ఆపడానికి" అన్నాడు. నిజంగానే మొదటి రోజు జనం ఎగబడి ఇచ్చారు. కొందరైతే పల్లవి మొదలవకుండానే ఇచ్చారు. రెండో రోజుకి కాలేజీ మొత్తం బయట బడ్డీకొట్టుకి మారిపోయింది, క్యాంటీనాయన బజ్జీల పళ్లెం ముందు ఒక్కడూ కూర్చుని, "బాబూ, నానేటి సేసినాను నీకు" అని చేతులు జోడించాడు. తర్వాత రేడియో గోరింటాకు పెడతానంది. పెట్టింది కూడా. కానీ మాటల్లో పడి ఒక లెక్చరరమ్మ కుడి చేతికి పెట్టాల్సినదంతా ఎడమ చేతికే పెట్టేసింది. అప్పుడు నేను నా సొంత ఆలోచన బయటపెట్టాను. వేలం వేద్దాం అన్నాను.

ఇక్కడ మా చర్చి గురించి ఒక మాట చెప్పాలి. మా ఊరి బాప్టిస్టు సంఘంలో ఏటా కోత పండుగ చేస్తాం. ఎవరి మడిలో, ఎవరి పెరట్లో తొలిగా పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలం పాడేది మా అయ్యే. ఒక ఆనపకాయ మేక ధరకి వెళ్తుంది. పాడుకున్నాయన డబ్బు కట్టి, కాయని ఒకసారి గుండెకి ఆనించుకుని, 'మళ్లీ పాడండి' అని తిరిగి ఇచ్చేస్తాడు. ఇంకొకాయన పాడతాడు, ఆయనా ఇచ్చేస్తాడు. ఒక ఏడాది ఒకే కోడిపెట్ట అలా సగం సంఘం చేతులు మారింది. ఆఖరికి దానికీ అలవాటైపోయి, ఎవరు చెయ్యి చాపితే వాళ్ల చంకలోకి తనే వెళ్లిపోయేది. బుద్ధెరిగాక నేను చూసిన వేలం అదొక్కటే. వేలమంటే కొని తిరిగి ఇచ్చెయ్యడమని నాకెవరూ నేర్పలేదు, గాలి పీల్చడం నేర్పనట్టే. కాబట్టి నేనూ ఎవరికీ చెప్పలేదు.

తల్లిదండ్రుల సమావేశం నాడు వేలం పెట్టుకోమన్నారు సైలెన్స్ సార్. పిల్లలందరినీ ఇంటి నుంచి ఏదో ఒకటి తెమ్మన్నాం. తెస్తామన్నవాళ్లు చాలామందే. పొందూరు నుంచి వచ్చే అమ్మాయి వాళ్ల నాన్న ఖద్దరు తువ్వాలు తెస్తానంది గానీ ఆయన భుజం మీంచి తియ్యనివ్వలేదట. ఒకడు పనసకాయ తెస్తూ దారిలో బస్సులో మర్చిపోయాడు. చివరికి వేదిక మీదికి చేరింది ఒక్కటే వస్తువు. రేడియో వాళ్ల పెంకుటింటి మీద కాసిన బూడిద గుమ్మడికాయ. పసిపిల్లంత ఉంది. ఎత్తుకుంటే దాని తెల్లటి పొడి నా కొత్త చుడీదారు నిండా అంటింది. నాకేం బెంగ లేదు. ఒక్క కోడిపెట్టతో చర్చికి రంగులు వేయించిన మనుషుల బిడ్డని నేను.

మా అయ్య గొంతు అరువు తెచ్చుకుని మొదలుపెట్టాను. ముందు వరసలో మిల్లు మావ కూర్చున్నాడు. ఆయనకి రైసుమిల్లు ఉంది, ఊరందరికీ ఆయన మిల్లు మావే. పక్కనే ఆయన చెల్లెలి భర్త, ఎరువుల దుకాణం ఆయన. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు, ఒకరికంటే ఒకరు తగ్గరు. ఎరువుల బావ ఒక మెట్టు పాడితే మిల్లు మావ రెండు మెట్లు ఎక్కాడు. గుమ్మడికాయ మీద ఇద్దరికీ మమకారం లేదు. పక్కవాడు పాడుతున్నాడు, అదీ సంగతి. ముచ్చటగా మూడోసారి అనేసరికి కాయ మిల్లు మావకి దక్కింది. డబ్బులిచ్చి, కాయని ఒళ్లో పెట్టుకుని, మీసం సవరించుకున్నాడు. నేను మైకులో, "ఇప్పుడు మావగారు కాయని మళ్లీ వేలానికి ఇచ్చేస్తారు" అని రెండు చేతులూ చాపాను.

ఆయన చూశాడు. "ఎందుకిచ్చేత్తాను పాపా? కొన్నాను గదా."

"కొన్నారు మావా. కొన్నారు కాబట్టే ఇవ్వాల."

"డబ్బులు నాయి. కాయ నీదేటి?"

"మీదే మావా. మీది కాకపోతే మీరెలాగ ఇస్తారు?"

నాకు అది మహా స్పష్టంగా ఉంది. హాల్లో ఇంకెవరికీ లేదు. మిల్లు మావ, చదువుకున్న పిల్ల ఏదో చెప్తోంది, కాదంటే మనకి తెలియదనుకుంటారు అనుకున్నాడేమో, కాయ తెచ్చి నా చేతుల్లో పెట్టేశాడు. నేను మళ్లీ పాట మొదలుపెట్టాను. ఒక్క చెయ్యి లేవలేదు. ధర తగ్గించాను. లేవలేదు. కాయ పట్టుకుని ముందు వరస వైపు ఒక అడుగు వేస్తే, ముందు వరస మొత్తం కుర్చీలతో సహా వెనక్కి జరిగింది.

రేడియో నా చుడీదారు అంచు పట్టుకుని లాగింది. "ఒసే, ఒక మనిషి ఒళ్లో ఎట్టుకుని ఒగ్గేసిన గుమ్మడికాయ ఇంకొకళ్లు ఎలాగ తీసుకుంటారే? అది దిష్టికాయ అయిపోయినాది."

"కూరగాయ గదే" అన్నాను.

"మీ ఇంట్లో కూరగాయ. మా ఇంట్లో గుమ్మానికి కడతాం. ఆయన దిష్టంతా దానికెక్కి ఉంటాది, తెలీదేటి నీకు?"

తెలియదు. మా గుమ్మానికి మామిడాకులు తప్ప ఏదీ కట్టరు. వేదిక మీద పసిపిల్లంత కాయతో నిలబడ్డాను, చేతులు లాగేస్తున్నాయి. నా కళ్ల ముందు మాత్రం ఆ అరుగూ, నడుం మీద చెయ్యేసుకున్న ఆ అమ్మా ఉన్నారు. టీచరమ్మ ఈపాటికి తల్లులందరికీ కబురు పెట్టేసే ఉంటుంది.

అప్పుడు ఎరువుల బావ పడీ పడీ నవ్వడం మొదలుపెట్టాడు. "మా బావ దిష్టి అంత బరువున్నాదేటి? పాప మొయ్యలేకపోతంది సూడండి" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మిల్లు మావ మెడ వరకూ ఎర్రబడి లేచాడు. జేబులోంచి ఒక నోటు తీసి, డబ్బులకని మేం పెట్టిన బకెట్లో పడేసి, "పాపా, ఆ కాయ అట్టుకెళ్లి మా బావ కొట్టు గుమ్మంలో ఎట్టి రా. నవ్వమను అప్పుడు" అన్నాడు. ఎరువుల బావ నవ్వు ఆగిపోయింది. "ఎహె, నా కొట్టుకెందుకు? నానూ ఇస్తాను. అది తీసి మా వియ్యంకుడింటికి పంపేయండి" అన్నాడు. వెనక వరసలో ఆ వియ్యంకుడు కూర్చునే ఉన్నాడు. ఆయన కండువాతో తల కప్పుకోబోయాడు గానీ ఆలస్యమైపోయింది.

టెంట్‌హౌస్ నా చెవిలో, "దొరికేసింది" అన్నాడు.

సైలెన్స్ సార్ జీవితంలో మొదటిసారి ఒక పేరా మాట్లాడారు. "బావలకీ, బావమరుదులకీ, వియ్యంకులకీ మాత్రమే పంపాలి. ఇంకెవరి గుమ్మంలో పెట్టినా తలకాయలు పగులుతాయి. పంపినవాడికే తిరిగి పంపకూడదు" అన్నారు. వేళాకోళం చెల్లే వరసలు ఏవో ఆయనకి బాగా తెలుసు, ఆయనకీ ఒక బావ ఉన్నాడు మరి. అదే చట్టమయింది. మర్నాటి నుంచి కాలేజీ అయ్యాక టెంట్‌హౌస్ వాళ్ల తోపుడుబండి మీద పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీ వేసి, అందులో గుమ్మడికాయని కూర్చోబెట్టి, డప్పు వాయించుకుంటూ రాజాం వీధుల్లో తిరిగాం. డప్పు వినపడగానే పట్టపగలు షట్టర్లు దిగిపోయేవి. ఒక బంగారం కొట్టాయన లోపలి నుంచే, "నాకు బావలు లేరు బాబూ, నాను ఒక్కడికొక్కడిని" అని కేకేస్తే, పక్క కొట్టాయన, "అబద్ధం. పాలకొండలో ఇద్దరున్నారు" అని మాకు పట్టిచ్చాడు. ఒక వియ్యపురాలు మాకు మజ్జిగ ఇచ్చి, డబ్బులిచ్చి, "మా వదిన గుమ్మంలో ఎట్టినప్పుడు ఆవిడ మొఖం ఎలాగున్నాదో సూసొచ్చి నాకు సెప్పాల, అందుకే ఈ మజ్జిగ" అంది. మూడో రోజో నాలుగో రోజో కాయ సైలెన్స్ సార్ బావగారి పుణ్యమా అని తిన్నగా మా స్టాఫ్ రూముకే వచ్చింది. సార్ దాన్ని చూశారు, మమ్మల్ని చూశారు, జేబులో చెయ్యి పెట్టారు, "సైలెన్స్" అన్నారు. విజయనగరంలో ఉన్న ఇంకో బావకి పంపమన్నారు గానీ బస్సు కండక్టరు, "ఆ కాయ ఎక్కితే నాను దిగిపోతాను" అన్నాడు.

అంతా ఇలా హాయిగా సాగుతుండగా ఒక సాయంత్రం ఒక ఇంటి ముందు బండి ఆపాం. బావగారు పంపారని చెప్పడానికి రేడియో నోరు తెరవబోయింది. లోపలి నుంచి ఒక మామ్మ వచ్చింది. పొట్టిగా, నిప్పులా ఉంది. "నెలలు నిండిన కోడలున్నాది ఇంట్లో. ఆ కాయ నా గడప తొక్కించండి సూద్దాం" అంది. గట్టిగా కూడా అనలేదు. డప్పు దానంతటదే ఆగిపోయింది. గుమ్మం వెనక నిండు గర్భిణి నిలబడి మమ్మల్నే చూస్తోంది. నాకు అంతవరకూ అదంతా ఆట. ఆ అమ్మాయి పొట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాక ఆటలా లేదు. "తప్పయిపోయింది మామ్మా" అని బండి తిప్పేశాం. ఆ కబురు రాత్రికే ఊరంతా పాకింది. మర్నాడు ఏ బావా ఏ బావకీ కాయ పంపలేదు. మెకానిక్కు అడిగినదానికి ఇంకా బోలెడు తక్కువ ఉంది. బడి తెరవడానికి ఎక్కువ రోజుల్లేవు. కాయని వెనక్కి తీసుకునేవాళ్లు లేరు, ఉంచుకునేవాళ్లు లేరు. రేడియో వాళ్ల ఇంటికి అసలే వద్దన్నారు. నేనే దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో (ఆ కండక్టరు కాదు, ఇంకొకాయన) మా ఊరు తీసుకెళ్లాను.

మా అమ్మ కాయని అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి చూసింది. "ఎంత మంచి కాయే. ఎండ కూడా బాగున్నాది. వడియాలు పెట్టేద్దాం" అంది.

"దిష్టికాయంటన్నారే అమ్మా."

"మనకి దేవుడున్నాడు. దానికి గుజ్జున్నాది. ఇంకేటి?"

అంత తేలిగ్గా తేల్చేసింది. మర్నాడు రేడియో, టెంట్‌హౌస్ కూడా వచ్చారు. అమ్మ కత్తిపీట వాల్చేసరికి రేడియో, "ఆగత్తా. ఆడోళ్లు తొలి గాటు పెట్టకూడదు" అని అడ్డం పడింది. అయ్య పనికెళ్లాడు, ఇంట్లో మగవాడు టెంట్‌హౌస్ ఒక్కడే. వాడు కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి, కాయని రెండు చెక్కలు చేసి పెరట్లోకి పరిగెత్తాడు. లోపల నుంచి ఏదీ లేచి రాలేదు. తెల్లటి గుజ్జు, గింజలు, అంతే. అప్పుడు రేడియో కూడా ముందుకి జరిగి రుబ్బురోలు పట్టింది. అమ్మ ముక్కలు తరిగి, ఉప్పేసి, గుడ్డలో మూటగట్టి నీళ్లు పిండింది, మినప్పిండిలో పచ్చిమిర్చి దంచి కలిపింది. అన్ని వడియాలకి మా డాబా చాలదు. నేను పిండి గిన్నెతో రాజాం వెళ్లి, సిగ్గు విడిచి మిల్లు మావని అడిగితే, ధాన్యం ఆరబోసే సిమెంటు చప్టా మీద ఒక వారగా పాత పంచెలు పరవనిచ్చాడు. పిచ్చుకలొస్తే టెంట్‌హౌస్ పాడేవాడు. పిట్ట మళ్లీ వాలలేదు.

వడియాలు గలగలలాడాక అదే చప్టా మీద జనం చేరారు. మేం పిలవలేదు. తమ గడపలన్నీ ఎక్కి దిగిన కాయ ఇప్పుడు ఎలా ఉందో చూడాలని వాళ్లకే ఆశ. మిల్లు మావ వేయించని వడియం ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "ముక్కలై, ఎండకి ఎండినాక ఇంక దిష్టేటి. ఇది వడియం" అని తీర్పిచ్చాడు. అమ్మ నాలుక మీద ఉప్పు వేసి చూసే మనిషి కాదు, చేతితోనే కొలత. అయినా అందరూ బాగుందన్నారు. నేను ఒక పొట్లం ఎత్తి పాడాను. మిల్లు మావ పాడుకున్నాడు. డబ్బులిచ్చాడు. పొట్లాన్ని గుండెకి ఆనించుకుని, నా వైపు చూసి, "మళ్లీ పాడు పాపా" అని తిరిగి ఇచ్చేశాడు. బావ ఊరుకుంటాడా. ఆయనా పాడి, ఆయనా ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నం రాజాంలో ఆ చప్టా కాసేపు మా చర్చి అయిపోయింది. వడియాలు పొట్లంలో సగం విరిగిపోయాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖరున ఒక సన్నటి గొంతు ఇంకా పైకి పాడింది. చూస్తే ఆ మామ్మ. గొడుగేసుకుని నిలబడింది. "మా కోడలు రెండ్రోజుల్నుంచి వడియాలంటంది" అని డబ్బులు బకెట్లో వేసి, పొట్లం కొంగులో కట్టేసింది.

టెంట్‌హౌస్ వినయంగా, "మామ్మా, కొన్నాక మళ్లీ వేలానికి ఇచ్చెయ్యాల" అన్నాడు.

"తినేది తిప్పిచ్చేస్తారేట్రా? బుద్ధున్నాదా నీకు?" అని ఆవిడ వెళ్లిపోయింది. వేలం అలా ముగిసింది. ఇంజనుకి సరిపోయింది, సీట్లకి కొత్త గుడ్డ కూడా వేయించాం.

బడి తెరిచే రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎవరో నన్ను చూడాలని కాదు (అందుకే). ఆటో వచ్చింది. ముందు సీట్లో ఆ పిల్ల, వాళ్లమ్మ కూడా లేకుండా, ఒక్కర్తే, కమ్మీ పట్టుకుని దొరసానిలా కూర్చుంది. నేను చెయ్యి ఎత్తి ఊపాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. చెయ్యి ఊపింది. నా గుండె నిండిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే నా వెనకాల ఒక గేదె నిలబడి ఉంది. ఆ పిల్ల చూసింది దాన్నే.

ఇప్పుడు సెలవు పెట్టి ఇంటికొచ్చినప్పుడల్లా మా బస్సు ఆ ఆటోని రాజాం దాటేలోపు ఎక్కడో ఒకచోట దాటుతుంది. రంగు మారింది, లోపలి పిల్లలు కొందరు మారారు. నాకు చెయ్యి దానంతటదే లేస్తుంది. ఊపుతాను. ఎవరూ చూడరు. మొన్న కండక్టరు చూసి, "దిగుతావేటమ్మా?" అన్నాడు. "లేదండి, ఊరికే" అని చెయ్యి దించి, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. పక్కావిడ ఏమనుకుందో. ఆవిడకి మాత్రం అప్పటికే ఉద్యోగం సంగతి చెప్పేశాను.